గొట్టానికి ఛార్జింగు, నెత్తికి క్షవరం

మీనా రేవు, ట్రిపోలీ, లెబనాన్
అక్టోబరు 9

నజ్లా అక్కకి,

దేశం పేరు కూడా రాశానని నవ్వకు. ముప్ఫై ఒక్క ఏళ్ళు బడిలో జాగ్రఫీ చెప్పిన చెయ్యి ఇది, ఊరి పేరుతో ఆగదు. పైగా ఈ మధ్య మన దేశం ఉందో లేదో కాగితం మీదైనా రాసి చూసుకోకపోతే నాకే నమ్మకం కుదరడం లేదు.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం ఏమిటని అడుగుతావు. మీ కొండమీద సిగ్నల్ రావడం లేదన్నది సగం కారణం. మిగతా సగం చెప్పడానికి సిగ్గుగా ఉంది. నిన్న సాయంత్రం పవర్ బ్యాంకులో ఒక్కదానికి సరిపడా ఛార్జింగ్ మిగిలింది. బల్ల మీద ఒక పక్క నా ఫోన్ కొన ఊపిరితో ఉంది. ఇంకో పక్క నా ఆవిరి గొట్టం. కుర్రాళ్ళు దాన్ని వేప్ అంటారు. అరవై ఒక్క ఏళ్ళ నోటికి గొట్టం అన్న మాటే నప్పుతుంది. నేను వైరు తీసి గొట్టానికి పెట్టాను.

ఇన్సాఫ్ వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. "మీ అక్కకి ఏదైనా అయి ఎవరైనా ఫోన్ చేస్తేనో?" అంది.

"అక్కకి ఏమీ కాకూడదనే దీనికి పెడుతున్నా."

"అబ్బో, త్యాగమూర్తి!" అని లోపలికి పోయింది. పెళ్ళయి ముప్ఫై మూడేళ్ళయింది, నా భార్య నన్ను ఒక్క వాదనలోనూ గెలవనివ్వలేదు.

అందుకని దానికి మొదట్నుంచీ మళ్ళీ చెప్పాను. జులైలో గుండె డాక్టరు నీ కాగితాలన్నీ చూసి, "జనవరిలో కవాటం మారుస్తాను. అప్పటిదాకా ఒక్క సిగరెట్ కూడా వద్దు. జనవరి ఏడున రక్తం పరీక్ష. అందులో పొగాకు ఛాయ కనబడిందా, నేను కత్తి పట్టను" అన్నాడు. నువ్వేం చేశావు? నా వైపు వేలు చూపించి, "వీడు మానితే నేనూ మానతాను" అన్నావు. నేనేం పాపం చేశానక్కా? నిన్ను టాక్సీలో తీసుకొచ్చి పక్క కుర్చీలో కూర్చున్నాను, అంతే. ఆ గదిలోంచి బయటికొచ్చేసరికి ఒప్పందం కుదిరిపోయింది. ఇద్దరికీ ఒకే రకం గొట్టాలు. అందులో పోసే ద్రవం ఘాటు నెలనెలా తగ్గించి డిసెంబరు మొదటికి సున్నాకి తేవాలి. ఈలోగా ఎవరు ముందు సిగరెట్ అంటిస్తే రెండోవాళ్ళకి విడుదల. గొట్టాల మాట విని డాక్టరు మొహం చిట్లించాడు గానీ, నీ నలభై ఐదేళ్ళ పొగ చరిత్ర ముందు ఇంకేం మాట్లాడలేకపోయాడు.

ఒప్పందంలో కరెంటు సంగతి ఎవరూ ఆలోచించలేదు. సర్కారు కరెంటు రోజుకి రెండు గంటలు, అదీ దాని ఇష్టం. నిన్న పదకొండింటికి వచ్చింది. "సర్కారు వచ్చింది, సర్కారు వచ్చింది!" అని బిల్డింగంతా ఒకటే కేకలు. ఎవరి వాషింగ్ మెషీన్ వాళ్ళు, ఎవరి మోటారు వాళ్ళు. నేను రొట్టెలు తెచ్చుకుని మూడో అంతస్తు మెట్ల మీద ఉన్నాను. జేబులో గొట్టం, అందులో ఎర్ర దీపం. పరిగెత్తాను అక్కా! ఐదో అంతస్తు చేరి, తలుపు తోసి, ప్లగ్గులో పెట్టాను. కరెంటు పోయింది. ప్లగ్గు పక్కన నేల మీదే కూర్చుండిపోయాను, నాకు వినపడేంత గట్టిగా ఇన్సాఫ్ వంటింట్లో నవ్వుకుంటోంది.

సాయంత్రం అబూ రబీ జనరేటర్ చందా కరెంటు మూడు గంటలుంటుంది. మాకు రెండున్నర ఆంపియర్లు. ఫ్రిజ్ ఆడుతుండగా ఇన్సాఫ్ ఇస్త్రీ పెట్టె పెట్టిందంటే ఠప్పుమని మీట పడిపోతుంది. అప్పుడు ఐదంతస్తులు దిగి, కిందున్న పెట్టెలో మా మీట పైకెత్తి, మళ్ళీ ఎక్కాలి. నిన్న నాలుగుసార్లు దిగాను. ఊపిరితిత్తులు బాగుపడాలని సిగరెట్ మానినవాడు, ఆ మానిన దానికి ఛార్జింగ్ పెట్టడానికి మెట్లెక్కి ఆయాసంతో చచ్చేలా ఉన్నాడు.

కానీ అంటించలేదు. అబూ ఘస్సాన్ వ్యాన్ మీ ఊరికే వస్తోందని ఇది ఇచ్చి పంపుతున్నాను. నీ గొట్టం సంగతేమిటో రాయి.

నీ తమ్ముడు
అదీబ్

సీర్, దన్నియె కొండలు
అక్టోబరు 17

ఒరే అదీబూ,

నీ ఉత్తరం అబూ ఘస్సాన్ ఉల్లిపాయల మూట మీద పెట్టి తెచ్చాడు. గుమ్మంలోనే నిలబడి చదివాను. ఐదో అంతస్తు దాకా పరిగెత్తావా? నాన్న బతికుండగా రొట్టెల కొట్టుకి పంపిస్తే అర్ధగంట చేసేవాడివి. చూశావా, నా గుండె జబ్బు నిన్ను మనిషిని చేస్తోంది.

నా సంగతా? నేను మహారాణిని. పక్కింటి ఉమ్మ్ నదీమ్ కొడుకు వాళ్ళ డాబా మీద సోలార్ పలకలు పెట్టించాడు. ఆవిడ కిటికీలోంచి నా కిటికీలోకి వైరు వేసింది. దానికి బదులు నేను ఆవిడ కోడలి మీద ఫిర్యాదులు వింటాను. రోజూ రెండు పూటలా వింటాను. గొట్టం ఎప్పుడూ నిండుగా ఉంటుంది. సూర్యుడు ఎటు పొడుస్తాడో నువ్వు పిల్లలకి ముప్ఫై ఏళ్ళు చెప్పావు. నేను వాణ్ణి పనిలో పెట్టుకున్నాను.

పొద్దున్న కాఫీ మాత్రం కష్టంగా ఉందిరా. గిన్నెలో కాఫీ పొంగుతుంటే చెయ్యి దానంతటదే ఎప్రాన్ జేబులోకి పోతుంది. అక్కడ గొట్టం తగులుతుంది. పీలుస్తాను, పుచ్చకాయ రుచి వస్తుంది. కాఫీతో పుచ్చకాయ! పుచ్చకాయది తప్ప ఇంకోటి లేదన్నాడు ఆ కొట్టువాడు, నువ్వు తలూపి కొనేశావు. నీ మొహం గుర్తుచేసుకుని రోజూ తిట్టుకుంటాను, అందుకని పొద్దున్నే నీకు ఎక్కిళ్ళొస్తే కంగారుపడకు.

ఇప్పుడు సూటిగా అడుగుతున్నాను. అంటించావా? ఒక్కటైనా? మెట్ల కింద, బాల్కనీలో, ఇన్సాఫ్ బజారుకి వెళ్ళినప్పుడు? నాకు అబద్ధం చెప్పకు. నీకు ఆరేళ్ళప్పటినుంచీ నువ్వు అబద్ధం చెబితే నేను కనిపెడతాను, అది నీకు తెలుసు.

నూనెలో వేసిన లబ్నె పెరుగు ఉండలు ఒక సీసా పంపుతున్నాను. ఇన్సాఫ్‌కి సగం ఇవ్వు. పాపం, నిన్ను భరిస్తోంది.

మీ అక్క
నజ్లా

మీనా, ట్రిపోలీ
నవంబరు 2

అక్కా,

అంటించలేదు. అమ్మ మీద ఒట్టు. ఇంకొంచెం ఆగితే ఒట్టు వెయ్యడానికి నా తల మీద వెంట్రుక కూడా ఉండదు. ఎందుకో విను.

అబూ రబీ దగ్గర డీజిల్ అయిపోవచ్చింది. చందా కరెంటు గంటకి దిగింది. మా సందు చివర బర్హూమ్ మంగలి కొట్టు గుర్తుందా, నా పెళ్ళికి నాన్నకి గడ్డం గీసినాయన కొడుకు? వాడు కొట్టు మీద నాలుగు సోలార్ పలకలు, లోపల రెండు పెద్ద బ్యాటరీలు పెట్టించాడు. సందులో అందరూ ఫోన్లు, లాంతర్లు పట్టుకుని వరస కట్టారు. అది చూసి అబూ రబీ వచ్చాడు. "బర్హూమ్, ఈ సందులో కరెంటు అమ్మేది నేనొక్కణ్ణే. తెలుసుగా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. అతను నవ్వుతూ అన్న మాటలు ఎవరూ మర్చిపోరు.

బర్హూమ్ తెలివైనవాడు. మర్నాటి నుంచి ఒక పద్ధతి పెట్టాడు. కరెంటు అమ్మడు, ఊరికే ఇవ్వడు. కానీ కుర్చీలో కూర్చున్న మనిషి తన వస్తువు పక్కనున్న ప్లగ్గులో పెట్టుకుంటే అది అతిథి మర్యాద. అందులో అబూ రబీ అయినా తప్పు పట్టలేడు. మనిషి కుర్చీ దిగాడా, ప్లగ్గు కూడా దిగాలి.

నా గొట్టం నిండడానికి యాభై నిమిషాలు పడుతుంది. నా క్షవరానికి పన్నెండు నిమిషాలు చాలు, నా తల నీకు తెలిసిందేగా. మిగతా ముప్ఫై ఎనిమిది నిమిషాలు ఏం చెయ్యాలి? గడ్డం గీశాడు. వేడి తువ్వాలు చుట్టాడు. చెవుల్లో వెంట్రుకలు మంటతో చురచుర కాల్చాడు. దారం పెట్టి బుగ్గలు లాగాడు, నాకు తెలియకుండానే ఏడ్చాను.

"ఎంత శాతం అయింది మాస్టారూ?" అంటాడు.

"అరవై."

"అయితే ముక్కు కూడా చూద్దాం."

వారానికి మూడుసార్లు వెళ్తున్నాను. నిన్న మూడోసారి కుర్చీ ఎక్కగానే కత్తెర పట్టుకుని కాసేపు ఆలోచించాడు. "ఏం కత్తిరించమంటారు మాస్టారూ? పోయినసారి ఏమీ మిగల్లేదు."

"కత్తెర చప్పుడు చెయ్యి చాలు, వీధిలోకి వినబడాలి," అన్నాను.

అందుకని మొహానికి బంకమట్టి పూసి వదిలేశాడు. ఆ సమయానికే ఒక పెళ్ళికొడుకు డప్పులతో దిగాడు. మేనమామలు, బావమరుదులు, పాటలు. గడ్డం గీయించుకుని పెళ్ళికి వెళ్ళాలి, ఉన్న ఒక్క కుర్చీలో నేను ఎండిన మట్టితో ఉన్నాను. నోరు కదిలిస్తే పగులుతుంది, లేద్దామంటే గొట్టం డెబ్భై రెండు దగ్గరుంది. పెళ్ళికొడుకు మేనమామ నా మొహంలోకి వంగి చూసి, "ఈ పెద్దాయన కూడా పెళ్ళికొడుకేనా?" అని అడిగాడు.

"కాదు," అన్నాడు బర్హూమ్. "ఛార్జింగ్ అవుతున్నాడు."

డప్పులవాళ్ళు నాకు కూడా ఒక పాట కొట్టారు. నేను లేవలేదు అక్కా. నీకోసం పరువు కూడా వదిలేశాను. ఇంటికొస్తే ఇన్సాఫ్ తలుపు తీసి, చాలాసేపు చూసి, "ఉడకబెట్టిన గుడ్డులా ఉన్నారు, లోపలికి రండి, చల్లారిపోతారు" అంది.

నీ గొట్టం నిండుగా ఉందా? ఘాటు ఎంతకి దించావు? నేను మూడో మెట్టులో ఉన్నాను.

నీ తమ్ముడు, చర్మం తప్ప ఏమీ మిగలని
అదీబ్

సీర్
నవంబరు 14

ఒరే అదీబూ,

నీ ఉత్తరం ఉమ్మ్ నదీమ్‌కి చదివి వినిపించాను. ఆవిడ నవ్వలేక కడుపు పట్టుకుని నేల మీద కూర్చుంది. నాకు నవ్వి నవ్వి ఆయాసం వచ్చింది, కాసేపు గోడ పట్టుకుని నిలబడ్డాను. ఇన్సాఫ్‌కి చెప్పకు, కంగారుపడుతుంది. ఈ మధ్య రెండు మెట్లెక్కితే వస్తోంది. డాక్టరు చెప్పాడుగా, వస్తుందని.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. వడగళ్ళు కూడా పడ్డాయి, ద్రాక్ష పందిరి సగం ఒరిగిపోయింది. వానలో ఒక మంచి సంగతి ఉంది. నిన్న పొద్దున్న కిటికీ తీస్తే రెండు వీధుల అవతల రొట్టెల బట్టీలో జాతర్ ఆకు కాలుతున్న వాసన వచ్చింది. తడిసిన మట్టి వాసన వేరే, గొర్రెల దొడ్డి వాసన వేరే. అమ్మ చనిపోయాక ఆవిడ ఉన్ని శాలువా పెట్టెలో పెట్టాను కదా, దాన్ని తీసి చూస్తే ఇంకా ఆవిడ సబ్బు వాసన ఉంది. ఇన్నేళ్ళూ ఉందన్నమాట.

గొట్టం గురించి అడిగావు. బాగానే ఉంది. దాని గురించి మాటిమాటికీ అడగకు.

జనవరి ఏడు ఇంకా ఎన్నాళ్ళుందో రోజూ వేళ్ళ మీద చూసుకుంటున్నాను. తొందరగా రావాలనా, రాకూడదనా అన్నది మాత్రం నన్ను అడగకు. నువ్వు బర్హూమ్ దగ్గరికి వెళ్తూ ఉండు. టోపీ పెట్టుకుని వెళ్ళు, సముద్రపు గాలికి తల పట్టేస్తుంది.

నజ్లా

మీనా, ట్రిపోలీ
డిసెంబరు 6

ప్రియమైన నజ్లా అక్కకి,

ఎలా ఉన్నావు? ఆరోగ్యం ఎలా ఉంది? అక్కడ చలి ఎలా ఉంది? ఉమ్మ్ నదీమ్ గారు, వాళ్ళబ్బాయి, కోడలు అందరూ కులాసాయే కదా? ఇక్కడ ఇన్సాఫ్ బాగుంది. నేను బాగున్నాను. గొట్టం కూడా చాలా బాగుంది.

పోయిన నెలాఖరున తుఫాను వచ్చింది, వినే ఉంటావు. నాలుగు రోజులు సూర్యుడు మొహం చూపించలేదు. బర్హూమ్ బ్యాటరీలు ఖాళీ అయిపోయి వాడు కొట్టు మూసేశాడు. అబూ రబీ జనరేటర్ కూడా ఆగిపోయింది. అయినా నువ్వేమీ దిగులు పెట్టుకోకు. నేను అద్భుతమైన ఏర్పాటు చేసుకున్నాను. రేవులో అబూ యూనస్ చేపల పడవ ఉంది చూడు, దానికి పెద్ద బ్యాటరీ ఉంటుంది. పొద్దున్నే వెళ్ళి గొట్టం ఇస్తే వల సర్దుకునేలోపు నింపి ఇచ్చేస్తాడు. ఎంత సుఖమో చెప్పలేను. నిండుగా, తొణికిసలాడుతూ ఉంటుంది. ఘాటు సున్నాకి దించేశాను. ఇప్పుడు అసలు గుర్తుకే రావడం లేదు. సిగరెట్ అంటే ఏమిటో కూడా మర్చిపోయాను, అది పొడుగ్గా ఉంటుందా గుండ్రంగా ఉంటుందా అని ఇన్సాఫ్‌ని అడగాలి.

నీది కూడా నిండుగానే ఉందనుకుంటాను. పరీక్ష దగ్గర పడుతోంది, జాగ్రత్త. నువ్వు గట్టిదానివి. నేను కూడా గట్టివాణ్ణే.

ఇంతకన్నా రాయడానికి విశేషాలు లేవు.

ప్రేమతో
నీ తమ్ముడు అదీబ్

సీర్
డిసెంబరు 15

అదీబ్,

నీ ఉత్తరం పొగాకు కంపు కొడుతోంది.

మొదట అబూ ఘస్సాన్ వ్యాన్‌ని అనుమానించాను, అతను తాగుతాడు కదా. కానీ కవరు పైన ఉల్లిపాయ వాసనే ఉంది. విప్పాక, లోపలి కాగితంలోంచి వచ్చింది. రెండో పేజీ మడతలో ఎక్కువగా ఉంది. నువ్వు రాసేటప్పుడు ఎడం చేతిలో పట్టుకుని ఉంటావు. ఇక ఆ రాత సంగతి సరేసరి. జన్మలో ఎప్పుడైనా నన్ను "ఆరోగ్యం ఎలా ఉంది" అని అడిగావా నువ్వు? బ్యాంకు మేనేజరుకి రాసినట్టు రాశావు.

నా ముక్కు ఇంత బాగా ఎలా పనిచేస్తోందని అడుగుతావు. చెబుతాను. నాది కూడా నువ్వు వినాలి.

నవంబరు నాలుగున పడిన వడగళ్ళకి ఉమ్మ్ నదీమ్ డాబా మీద పలకలు పగిలిపోయాయి. ఒక్కటీ మిగల్లేదు. ఆ సాయంత్రం నా గొట్టం మూడుసార్లు ఎర్రగా మిణికి ఆరిపోయింది. సర్కారు కరెంటు మా కొండకి రానే రాదు, ఆరోజు నుంచీ ఇప్పటిదాకా నా దగ్గర ఏమీ లేదు. ఖాళీ గొట్టం నోట్లో పెట్టుకుని పీలుస్తాను. ఉత్త గాలి వస్తుంది. మొదటి వారం కుక్కలా ఉన్నాను. ఉమ్మ్ నదీమ్ కోడలి మీద చెప్పిన ఫిర్యాదులన్నీ ఆ కోడలికే చెప్పేశాను, ఈ నెలలో అది ఉమ్మ్ నదీమ్ చెవిన పడి ఇప్పుడు ముగ్గురం మాట్లాడుకోవడం లేదు. తర్వాత కొంచెం తగ్గింది. అప్పుడే వాసనలు రావడం మొదలుపెట్టాయి.

నీకెందుకు చెప్పలేదు? చెబితే నువ్వేం చేస్తావో నాకు తెలుసు. "అక్క ఏమీ లేకుండా ఉంటోంది, నాకెందుకీ గొట్టం" అని పౌరుషానికి పోయి పారేస్తావు. మూడో రోజుకి అంటిస్తావు. నువ్వంటిస్తే నాకు విడుదల. ఆ విడుదలంటేనే నాకు భయం.

ఒరే, నిజం ఒకటి చెబుతాను, ఇన్సాఫ్‌కి కూడా చెప్పకు. నాకు సిగరెట్ మీద అంత మోజు లేదిప్పుడు. నాకు ఆ కత్తి అంటే భయం. నా ఛాతీ చీల్చి, గుండె ఆపి, మళ్ళీ నడిపిస్తాడట. మళ్ళీ నడవకపోతే? ఒక్క సిగరెట్ తాగితే చాలు, రక్తంలో కనబడుతుంది, డాక్టరు కత్తి పట్టడు, నేను నా ఇంట్లో నా మంచం మీద ఉంటాను. ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు. అది నా తప్పు కూడా కాదు, ఒప్పందం ప్రకారం నీ తప్పు. జులైలో నీ వైపు వేలు చూపించినప్పుడే నా మనసులో ఇది ఉందేమో. నువ్వు నెల కూడా ఉండలేవనుకున్నాను. నువ్వేమో మంగలి కుర్చీలో మట్టి పూసుకుని కూర్చున్నావు.

నీ ఉత్తరం వచ్చాక కొట్టుకి వెళ్ళి ఒక పెట్టె కొన్నాను. నా పాత రకమే. ఇప్పుడు ఈ బల్ల మీదే ఉంది. పైకాగితం చించాను. ఒకటి తీసి వాసన చూసి మళ్ళీ పెట్టేశాను. నిన్న రెండుసార్లు అలా చేశాను. ఇవాళ అగ్గిపెట్టె కూడా తెచ్చి పక్కన పెట్టుకున్నాను, తర్వాత నీకు ఉత్తరం రాయడం మొదలుపెట్టాను.

నీ మీద కోపం లేదు. ఇంకా మూడు వారాలుంది. ఒక్కదాన్నే ఉండలేకపోతున్నానురా.

నజ్లా

అబూ ఘస్సాన్ వ్యాన్, ముందు సీటు
డిసెంబరు 18

అక్కా,

వంకర టింకర అక్షరాలకి తిట్టకు. ట్రిపోలీలో గడియారం స్తంభం దగ్గర వ్యాన్ ఆగి ఉంది. పద్నాలుగు సీట్లూ నిండితే గానీ అబూ ఘస్సాన్ కదలడు. ఇంకా ఐదుగురు రావాలి. నీ ఉత్తరం పొద్దున్న వచ్చింది.

అంటించాను. నవంబరు ఇరవై తొమ్మిదిన. తుఫాను మూడో రోజు. గొట్టం చచ్చింది, పవర్ బ్యాంకు చచ్చింది, బర్హూమ్ కొట్టుకి తాళం. పడవ సంగతి పచ్చి అబద్ధం, అబూ యూనస్ పడవ తుఫానుకి ఒడ్డు మీద బోర్లా పడి ఉంది. మీట పడిపోయిందేమోనని ఆశకొద్దీ ఐదంతస్తులు దిగాను. కింద జనరేటర్ గదిలో అబూ రబీ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన చల్లబడిన జనరేటర్. పొద్దున్నుంచీ వచ్చినవాళ్ళందరూ తిట్టిపోయినట్టున్నారు, నన్ను చూసి లేచి నిలబడ్డాడు. మా సందులో అందరూ భయపడే మనిషి, తల దించుకుని, "మాస్టారూ, మీకు కరెంటు ఇవ్వలేకపోయాను. నా దగ్గర ఇదొక్కటే ఉంది, కాదనకండి" అని సిగరెట్ పెట్టె చాపాడు. తనే అంటించి ఇచ్చాడు. ఎలా కాదనను? అలా అనుకున్నాను అప్పుడు. మర్యాద కోసం తాగానని నీకు రాద్దామనుకున్నాను కూడా. కానీ మర్నాడు పొద్దున్న మర్యాదగా ఎవరూ ఇవ్వకుండానే కొట్టుకి వెళ్ళి నేనే కొనుక్కున్నాను.

అప్పటినుంచీ బాల్కనీలో ఉతికిన దుప్పట్ల వెనక నిలబడి తాగుతున్నాను. ఇన్సాఫ్‌కి మొదటి రోజే తెలుసట. నీ ఉత్తరం చదివి వినిపించాను. కత్తి సంగతి ఇన్సాఫ్‌కి చెప్పకన్నావు, చదివేశాక చూసుకున్నాను ఆ మాట, క్షమించు. అది లేచి వెళ్ళి నా సంచి సర్దింది. ఉన్ని చొక్కాలు రెండు, నా బీపీ మాత్రలు. "ఆవిడ గుండె చెడిందని తెలిసీ ఊరి చివర ఒక్కదాన్నే వదిలి, ఇక్కడ ఇద్దరం కూర్చుని గొట్టం గురించి జోకులు వేసుకున్నాం," అంది. ఏడ్చింది. నా జేబులోంచి పెట్టె తీసి నలిపి చెత్తబుట్టలో వేసింది. ఈసారి వాదనలో గెలవాలని కూడా అనిపించలేదు.

నేను రాసిన ఉత్తరాలన్నీ ఇప్పుడు గుర్తు చేసుకుంటే నాకు నామీదే అసహ్యంగా ఉంది. నువ్వు ఆయాసంతో గోడ పట్టుకున్నానని రాశావు. ఆ ముక్క చదివి నేను, నా కథ ఎంత బాగా పేలిందో అని మురిసిపోయాను.

ఇంకొకాయన ఎక్కాడు. ఇంక నలుగురు రావాలి.

గొట్టం తేలేదు. నీకు లేనిది నాకెందుకు? పౌరుషానికి పోయి పారేస్తానని రాశావు, సరిగ్గా అలాగే పారేశాను. మూడో రోజుకి అంటిస్తానని కూడా రాశావు, అందుకే మూడో రోజుకి నీ కళ్ళెదురుగా ఉండాలని వస్తున్నాను. మొదటి వారం నేనూ కుక్కలా ఉంటాను. నువ్వు దాటొచ్చిన దారే కదా, నీకు తెలుస్తుంది. ఏడో తారీఖున నీతో కలిసి ట్రిపోలీ దిగుతాను. డాక్టరు నా రక్తం కూడా చూడాలని పట్టుబడతాను, నా రక్తం తనకెందుకని ఆయనంటే, అది మా అక్కకి కావాలి అని చెబుతాను.

కత్తి గురించి ధైర్యం చెప్పడం నాకు చేతకాదు. నాకూ భయమే. నువ్వు పోతే నన్ను ఒరే అనేవాళ్ళు ఈ భూమ్మీద ఎవరూ లేరు. అందుకే ఇన్నాళ్ళూ నవ్వించేలా రాశాను, ఆ మాట రాయాల్సి వస్తుందని. నువ్వు భయపడు అక్కా, ఎంత భయం వేస్తే అంత భయపడు. రాత్రి మెలకువొస్తే నన్ను లేపు, ఇద్దరం కూర్చుని భయపడదాం. కానీ ఆపరేషన్‌కి మాత్రం పోదాం.

ఆ పెట్టె నువ్వు ఇప్పటికే అంటించేసి ఉంటే కూడా నేను వస్తాను. అంటించి ఉంటే డాక్టరు కాళ్ళు పట్టుకుని ఇంకో తారీఖు అడుగుతాను, మళ్ళీ మొదట్నుంచీ మొదలుపెడదాం. ఒప్పందం మాత్రం ఇక లేదు. ఎవరూ ఎవరికీ విడుదల ఇవ్వరు.

వ్యాన్ నిండింది. ఈ కాగితం అబూ ఘస్సాన్ చేతికే ఇస్తున్నాను. అతను ముందు నీ గుమ్మం దగ్గరికి వచ్చి ఇది ఇస్తాడు. నేను వ్యాన్ పక్కన సంచి పట్టుకుని నిలబడి ఉంటాను, నువ్వు చదివేదాకా దగ్గరికి రావడానికి నాకు మొహం చెల్లదు. చదవడం అయిపోతే తలెత్తి ఇటు చూడు. తిట్టాలనుకుంటే అక్కడినుంచే తిట్టు, ఊరంతా విన్నా ఫరవాలేదు. తర్వాత లోపలికి రమ్మని పిలువు.

అదీబ్